చెవిలో మేకు

దుగరాజపట్నం రేవులో సగం ఇసుకలో కూరుకుపోయి, పడవ తాళ్లు కట్టించుకుంటున్న ఇనుప గుంజను నేను. ఒకప్పుడు ఫిరంగిని. మీ పెద్దలు యూరప్ నుంచి ఓడ దిగిన మనిషినీ, వాడు మోసుకొచ్చిన ఆయుధాన్నీ దాదాపు ఒకే మాటతో పిలిచారు. పరంగివాడు, ఫిరంగి. ఆ పేరు నాకు సరైనదే.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దక్షిణ ఇంగ్లండులో, సస్సెక్స్ అడవుల్లో ఇనుము కరిగించి మట్టి అచ్చులో పోశారు. ఓడెక్కించారు. అంతే. ఇక్కడికి ఎందుకు వచ్చానన్నదే అసలు కథ. 1611లో ఇంగ్లీషు ఓడ ఒకటి పులికాట్‌లో వ్యాపారం చేసుకుంటామని వస్తే, అప్పటికే అక్కడున్న డచ్చివాళ్లు వీల్లేదన్నారు. 1613లో వాళ్లు గెల్డ్రియా కోట కట్టుకున్నారు. అక్కడే తుపాకిమందు తయారుచేసి తమ స్థావరాలకు పంపేవాళ్లు. వాళ్ల పక్కన నిలవలేక ఇంగ్లీషువాళ్లు పులికాట్ సరస్సుకు ఉత్తరాన ఉన్న ఈ ఊరికి 1626లో వచ్చారు. ఆర్ముగం మొదలియారు అనే ఆయన సాయపడ్డాడనీ, అందుకే ఈ చోటుకు ఆర్మగాన్ అని పేరు పెట్టారనీ చెబుతారు. 1628 నాటికి ఇక్కడి గిడ్డంగి చుట్టూ 12 ఫిరంగులు ఉండేవి. అందులో నేనూ ఒకదాన్ని. చెన్నపట్నంలో సెంట్ జార్జి కోట గోడ లేవకముందే ఈ తీరాన కాపలా కాసినదాన్నని గర్వంగా చెప్పుకుంటాను.

1639లో ఇంగ్లీషు వర్తకుడు ఫ్రాన్సిస్ డే, స్థానిక పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసు స్థలం సంపాదించాడు. మరుసటి ఏడు ఇక్కడి మకాం ఎత్తేశారు. నా మూతి దగ్గర అప్పటికే పగులు పట్టింది. మొయ్యడం దండగ అనుకున్నారు. వదిలేసి పోయినా బాగుండేది. ఫిరంగికి వెనకవైపు, పైన, ఒక సన్నని చిల్లి ఉంటుంది. అది మా చెవి. అందులో రంజకం పోసి నిప్పంటిస్తే లోపలి మందు అందుకుంటుంది. ఆ చెవిలో ఇనుప మేకు దిగ్గొట్టి తల విరిచేస్తే, ఫిరంగి ఎవరికి దొరికినా పనికిరాదు. ఎన్నో రాత్రులు నా పక్కనే పడుకున్న మనిషే ఆ సుత్తి ఎత్తాడు. అతని పేరు చెప్పను. ఇప్పటికీ ఇంగ్లీషులో ఎదుటివాడి ఎత్తుగడను ముందే చెడగొడితే, వాడి ఫిరంగులకు మేకులు కొట్టారంటారు. చల్లని గదుల్లో కూర్చుని ఆ మాట అనేవాళ్లకు దాని దెబ్బ తెలియదు.

ఆ తర్వాత అంతా ఇసుకే. గాలి కప్పేది, తుపాను తవ్వేది. బర్రెలు ఒళ్లు రుద్దుకున్నాయి. నా మూతిలో ఎండ్రకాయలు కాపురం పెట్టాయి. పాత ఇనుము కొనేవాడు ఒకసారి గునపంతో తట్టి, లేపడానికి మనుషులు చాలక పోయాడు. అమ్ముడుపోవడానికి కూడా నోచుకోలేదే అని ఆ రోజు చాలా కుమిలిపోయాను. చివరికి ఒక పట్టపు జాలరి పెద్దాయన తన పడవ తాడు తెచ్చి నాకు చుట్టాడు. "గట్టిగా బిగించు అబ్బయా, ఇది కదల్దు" అన్నాడు కొడుకుతో. ఎన్నో ఏళ్ల తర్వాత నాకు దొరికిన మెప్పు అది.

అలా రేవులో నిలబడి మీ మాటలు వింటున్నాను. చేపలు చుట్టిన పేపర్లలో, వల బాగుచేసే కుర్రాళ్ల ఫోన్లలో మావాళ్ల యుద్ధం మాటలే. మంత్రి మీద ఎమ్మెల్యే ఫైర్. వంటలో ఉప్పెక్కువైందని అత్త ఫైర్. నాకు ఆ మాట ఒక ఆజ్ఞ. అది వినబడిన మరుక్షణం నా నోట్లోంచి ఒక గుండు పోయేది, ఆ గుండు పోయిన చోట మనుషులుండేవాళ్లు. డెడ్‌లైన్ అంటూ పరీక్ష ఫీజు కోసం పిల్లలు కంగారుపడుతుంటారు. 1864లో అమెరికా అంతర్యుద్ధంలో, ఆండర్సన్‌విల్ చెరలో, ఖైదీ దాటితే కాల్చేసే గీతకు ఆ పేరు. సినిమా పోస్టర్ల మీది బ్లాక్‌బస్టర్, రెండో ప్రపంచయుద్ధంలో ఇళ్ల వరుసలనే నేలమట్టం చేసిన బాంబు. మీకు పద్మవ్యూహాలూ బ్రహ్మాస్త్రాలూ లేకనా? ఉన్నాయి. వాటి వెనక భారతం ఉంది, పద్మవ్యూహం అనగానే అభిమన్యుడు గుర్తొస్తాడు. ఈ ఇంగ్లీషు మాటలు మాత్రం తమ మృతులను వెంట తెచ్చుకోకుండా వచ్చాయి. నా కోపమంతా అక్కడే.

ఒక మాట నన్ను మరీ కలచివేసింది. చేపల గంప దించుకుని నా మీద కూర్చుందొకామె. భర్త క్యాన్సర్‌తో పోయాడు. పలకరించడానికి వచ్చిన చదువుకున్న బంధువు, "బావ పెద్ద ఫైటర్ అక్కా, చివరిదాకా పోరాడి ఓడిపోయాడు" అన్నాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఆయన ఎవురితో కొట్లాడినాడు నాయనా? నొప్పి ఓర్చుకున్నాడు, మందులు మింగినాడు. ఓడినాడని ఎందుకంటావు?" అమెరికా రచయిత్రి సూసన్ సాంటాగ్ 1978లో ఒక పుస్తకమే రాసింది, జబ్బుకు యుద్ధం మాటలు తొడిగితే రోగికే గాయమవుతుందని. ఈమె ఆ పుస్తకం చదవలేదు. భర్తను చూసుకుంది.

పని మార్చుకుని బాగుపడ్డ మాటలూ ఉన్నాయి, వాటిని చూస్తే నా తోబుట్టువులు బతికి బట్టకట్టినంత సంతోషం. మ్యాగజైన్ అంటే మా కాలంలో మందుగుండు కొట్టు. నిప్పురవ్వ పడితే ఊరు లేచిపోయేది. 1731లో లండన్‌లో ఒక పత్రిక ఆ పేరు పెట్టుకుంది, అప్పటినుంచి మ్యాగజైన్లలో కథలూ వ్యాసాలూ నిల్వ చేస్తున్నారు. లాంచ్ అన్నది పాత ఫ్రెంచిలో బల్లెం విసరడం. ఇక్కడికి దక్షిణాన శ్రీహరికోటలో ఆ మాట వినబడితే రేవంతా తలెత్తి చూస్తుంది. 2016 సెప్టెంబరు 8న అలా వెళ్లిన రాకెట్‌లో ఇన్శాట్-3డీఆర్ ఉంది, వాతావరణం చూసే ఉపగ్రహం. వాయుగుండం కబురు ముందే అంది, నాకు కట్టిన పడవలు కట్టినట్టే ఉండిపోయిన రోజులున్నాయి. బల్లెం ఎంత దూరం వచ్చిందో!

కానీ పులికాట్ గురించి రాసేటప్పుడు మాత్రం పత్రికలు మళ్లీ పాత మందుగుండే తీస్తాయి. ఆంధ్ర, తమిళనాడు జాలర్ల మధ్య హద్దు తగాదా వచ్చిన మర్నాడు శీర్షికలో యుద్ధం అని పెడతారు. ఆ తగాదాలో ఉన్నవాళ్లు నా పక్కనే కూర్చుని మాట్లాడుకుంటారు. వాళ్ల నోట వచ్చేవి వంతు, హద్దు, వలకన్ను, పూడిక. రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడి, సముద్రపు నీరు సరిగా లోపలికి రాక, ఇటువైపు చేపా రొయ్యా తగ్గాయి. దక్షిణపు ఒడ్డున పాడు అనే పాత కట్టుబాటు ఉంది. ఏ చోట ఎవరి వల ఏ రోజు పడాలో వంతులు వేసుకుని, దాని ప్రకారం నడుచుకుంటారు. ఆ వంతుల లెక్క అచ్చు వేయండి. ముఖద్వారం ఎంత లోతు తవ్వాలో, ఆ పని ఎందుకు ఆగిందో పెద్దక్షరాల్లో వేయండి. యుద్ధం ఇక్కడ జరగడం లేదు, జరిగి ఉంటే ముందు నాకు తెలిసేది.