పాంట్రీ భోజనానికి ప్రిపరేషన్ గైడ్

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్‌నగర్ చివరిదాకా నడిస్తే దొరకని గైడ్ అంటూ లేదు. గ్రూప్-1కి ఉంది, గ్రూప్-2కి ఉంది, డీఎస్సీకి ఉంది. 2020లో వీఆర్వో ఉద్యోగమే ఎత్తేశారు గానీ, వెతికితే దాని గైడ్ కూడా ఏ ఫుట్‌పాత్ మీదో దొరక్కపోదు. లేనిదల్లా ఒక్కటే. సివిల్స్ కోచింగ్‌కని ఢిల్లీ వెళ్ళే కుర్రాడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, ఒక పగలూ ఒక రాత్రీ సాగే ఆ ప్రయాణంలో ఏం తినాలి, ఎలా తినాలి, తిన్నాక తనకు తాను ఏమని సర్దిచెప్పుకోవాలి? దీనికి మెటీరియల్ ఎవరూ వెయ్యలేదు. 1976లో ఏపీ ఎక్స్‌ప్రెస్‌గా పుట్టిన బండి ఇది. రాష్ట్రం విడిపోయాక పేరు మారింది, సిలబస్ మారలేదు. ఇంత పోటీ ఉన్న పరీక్షకు గైడ్ లేకపోవడం ఈ పేటకే అప్రతిష్ఠ కనుక, ఆ లోటు ఇక్కడ తీర్చడమైనది.

ప్రిలిమ్స్ అంటే రేట్ల పట్టిక. మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో వెజ్ మీల్స్ 80 రూపాయలు, కోడిగుడ్డు కూరతో 90, చికెన్ కూరతో 130. అదే వెజ్ మీల్స్ ప్లాట్‌ఫాం మీద 70. వెజ్ అంటే 150 గ్రాముల అన్నం, 150 గ్రాముల పప్పో సాంబారో, వంద గ్రాముల కూర, రెండు పరాటాలో నాలుగు రోటీలో, 80 గ్రాముల పెరుగు, 12 గ్రాముల పచ్చడి. అంత పచ్చడి తెలుగువాడు వడ్డనకు ముందు జాడీలో వేలు పెట్టి రుచి చూడ్డానికే సరిపోతుందని పట్టిక రాసినవాళ్ళకు ఎవరో చెప్పి ఉండాల్సింది. ఈ అంకెలన్నీ కంఠస్థం చెయ్యండి, కానీ త్రాసు మాత్రం వెంట తీసుకెళ్ళకండి. థియరీ పేపర్‌కి ప్రాక్టికల్స్ ఉండవు. మామూలు చాయ్ ఐదు రూపాయలనీ, టీ బ్యాగుతో ఇచ్చేది పదనీ కూడా పట్టికలో ఉంటుంది. ఆ ఐదు రూపాయల చాయ్ ఎక్కడుంటుందని అడిగితే, పట్టికలోనే ఉంటుందన్నది సరైన జవాబు.

మెయిన్స్‌లో అసలు సత్తా తేలుతుంది. ట్రే చేతికి రాగానే మూత తీయడం తొందరపాటు. ముందు అడుగున అరచెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీ బోగీ పాంట్రీ పక్కనే ఉన్నట్టు, గోరువెచ్చగా ఉంటే కాస్త అవతల ఉన్నట్టు. చల్లగా ఉంటే మీ బోగీ ఎక్కడుందో ఇక ఎవర్నీ అడగక్కర్లేదు. అల్యూమినియం డబ్బా అంచులు ఒక్కొక్కటే విప్పితే లోపల అన్నం డబ్బా ఆకారంలోనే, కోయని బర్ఫీ పలకలా పడి ఉంటుంది. చెంచా గుచ్చితే పలక విరగాలి, చెంచా విరక్కూడదు. ఇదొక ఛాయిస్ లేని ప్రశ్న. పప్పు గిన్నె మీది ప్లాస్టిక్ పొర ఒక పట్టాన ఊడదు. ఊడితే ఒక్కసారే ఊడుతుంది, అదీ సరిగ్గా బండి ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకి మారుతున్నప్పుడు. గిన్నెలో ఉన్నది కందిపప్పా, పెసరపప్పా, శనగపప్పా అని ఊహించి రాయకండి, నెగెటివ్ మార్కులుంటాయి. పనీర్ ముక్కలు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు. అర్థమెటిక్‌లో అంత తేలిక బిట్ ఇంకోటి రాదు.

ఇదంతా వంటవాడి చేతకానితనం అనుకుంటే ఇంతవరకూ చదివింది వృథా. వండేవాడికి చెయ్యి తిరగక కాదు, తినేవాడు మళ్ళీ రాడు కనుక ఈ భోజనం ఇలా ఉంటుంది. నమ్మకపోతే పొద్దున ఏడింటికి నారాయణగూడ నుంచి చిక్కడపల్లి వైపు నడిచి చూడండి. మలుపుకొక టిఫిన్ బండి కనిపిస్తుంది. ప్లేటు అందుకున్న హాస్టల్ కుర్రాడు ఒక ముద్ద పెట్టుకుని, "ఏందన్నా, చట్నీ గింత పులిసింది?" అంటాడు. "ఎండలకు తమ్మీ, జర ఆగు, కొత్తది తిప్పిస్త" అంటాడు బండాయన. ఆయన ధర్మాత్ముడనీ, పాంట్రీలో ఉన్నవాళ్ళు కాదనీ దీనర్థం కాదు. ఆ కుర్రాడు రేపు పొద్దున మళ్ళీ ఆ దారినే రావాలి. రాకపోతే పది అడుగుల అవతల ఇంకో బండి ఉంది. హాస్టల్లో ఒక్క మాట పాకితే ఒక పూటలో నలభై ప్లేట్లు తగ్గుతాయి. తినేవాడి నాలుకకు నిన్నటి జ్ఞాపకం ఉంటుంది, అమ్మేవాడికి రేపటి భయం ఉంటుంది. రైల్లో ఈ రెండూ ఉండవు. బీ-3 ముప్పై ఏడో బెర్త్ వెజ్ మీల్స్ తిని న్యూఢిల్లీలో దిగిపోతుంది. మర్నాడు అదే బెర్త్ మీద అంతే ఆకలితో, ఏ జ్ఞాపకమూ లేని ఇంకొకరు కూర్చుంటారు.

దీనికి సాక్ష్యం మన లైన్ మీద లేదు, ముంబై–పుణె మధ్య ఉంది. 1930 జూన్ 1న మొదలైన డెక్కన్ క్వీన్‌లో ఇవాళ్టికీ డైనింగ్ కారు నడుస్తోంది. బల్ల ముందు కూర్చోబెట్టి, ఆమ్లెట్టో కట్లెట్టో పళ్ళెంలో పెట్టి వడ్డిస్తారు. 2022లో ఆ బండికి కొత్త ఎల్‌హెచ్‌బీ బోగీలు వేసినప్పుడు కూడా, నలభై మంది కూర్చునేలా డైనింగ్ కారును కొత్తగా కట్టించారు తప్ప తీసెయ్యలేదు. ఆశ్చర్యమేంటంటే అది మూడు గంటల పైచిలుకు ప్రయాణం, 192 కిలోమీటర్లు. ఇంట్లో తిని ఎక్కి, దిగాక ఇంట్లో తినొచ్చు. మరి ఒక పగలూ రాత్రీ ప్రయాణం చేసేవాళ్ళకు లేని బల్లా కుర్చీ మూడు గంటల వాళ్ళకెందుకు? ఆ బండి ఎక్కేవాళ్ళలో సీజన్ పాసుల వాళ్ళు ఎందరో ఉన్నారు. పొద్దున ముంబై వెళ్ళి సాయంత్రం పుణె తిరిగొస్తారు, మర్నాడు మళ్ళీ ఎక్కుతారు. ఆమ్లెట్ మాడితే రేపు అదే మనిషికి మొహం చూపించాలి. డెక్కన్ క్వీన్ అంటే పట్టాల మీద నడిచే చిక్కడపల్లి టిఫిన్ బండి.

దీనికి రైల్వే దగ్గర గట్టి జవాబే ఉంది. పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం బండ్లలో ఏటా సుమారు 58 కోట్ల భోజనాలు వడ్డిస్తే ఫిర్యాదులు 0.0008 శాతం. అశోక్‌నగర్ స్టడీ హాల్లో ఈ బిట్ ఇస్తే అర నిమిషంలో చేసేస్తారు: ఏడాదికి 4,640, రోజుకి పదమూడు కూడా కావు. అంటే రోజూ పదహారు లక్షల భోజనాలు లేస్తుంటే ఉప్పు తక్కువైందనీ అన్నం ఉడకలేదనీ అన్నది పదముగ్గురు. అమ్మ వంటకే ఏ ఇంట్లోనూ ఇంత కటాఫ్ లేదు, పదిమంది పంక్తిలో కనీసం ఇద్దరు మూతి ముడుస్తారు. కాబట్టి ఈ అంకె భోజనం గురించి ఏమీ చెప్పదు, ఫిర్యాదు గురించే చెబుతుంది. పోనీ మనవాళ్ళకు నోరు లేదందామా? 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వెయ్యాలనీ, జీవో 29 రద్దు చెయ్యాలనీ ఇదే అశోక్‌నగర్ రోడ్డెక్కింది. లాఠీలకు వెరవని కుర్రాళ్ళు నీళ్ళ పప్పుకి వెరుస్తారా? వెరవరు, పట్టించుకోరంతే. అశోక్‌నగర్లో పక్కవాడి కష్టం తన కష్టమే. బోగీలో డెబ్బై రెండు మంది డెబ్బై రెండు ఊళ్ళవాళ్ళు, తెల్లారితే ఎవరి దారి వారిది. కనుక ఫిర్యాదు చెయ్యాలనిపించినప్పుడు ఆచరించవలసిన పద్ధతి ఇది: కిటికీలోంచి బయటికి చూడండి, నాగ్‌పూర్ వచ్చేసరికి తగ్గిపోతుంది.

ఎనభై రూపాయలకు ఇంతకంటే ఏమొస్తుందని ఇంకొందరంటారు. అటూఇటూగా అంతే డబ్బుకి అశోక్‌నగర్ మెస్సుల్లో అన్నం మారు వడ్డిస్తారని చెబితే సరిపోతుంది. పరిగెత్తే బండిలో వండటం తేలికా అనేవాళ్ళకు ఒక కరెంట్ అఫైర్స్ పాయింట్: 2017 క్యాటరింగ్ విధానం వంటను, వడ్డనను విడదీసింది. వండటం నేల మీది బేస్ కిచెన్లలో, బండిలో పంచడమే. కుదుపుల మీద నేరం మోపడానికి అప్పటినుంచీ వీల్లేదు. అన్నట్టు ఈ తేదీల వరస కూడా బిట్‌గా వస్తుంది, రాసుకోండి. 2005లో క్యాటరింగ్ ఐఆర్‌సీటీసీ చేతికి, 2010లో తిరిగి జోన్ల చేతికి, 2017లో మళ్ళీ ఐఆర్‌సీటీసీ చేతికి. చేతులు ఇన్నిసార్లు మారడమే అయోమయానికి ఒక కారణమని కాగ్ 2017 జూలైలో పార్లమెంటు ముందుకొచ్చిన నివేదికలో రాసింది. 74 స్టేషన్లు, 80 బండ్లు తనిఖీ చేసి, కొన్నిచోట్ల తిండి మనుషులు తినడానికి పనికిరానిదని తేల్చింది కూడా. ఆ డిసెంబరులోనే సికింద్రాబాద్ స్టేషన్లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ మరుగుదొడ్డిలోంచి చాయ్ డబ్బాలు బయటికి తెస్తుంటే ఎవరో వీడియో తీశారు. మరుసటి మే నెలలో అది ఫోన్లన్నీ తిరిగాక కాంట్రాక్టరుకు లక్ష రూపాయల జరిమానా పడింది. ఆ చాయ్ తాగినవాళ్ళ వల్ల కానిది, తాగకుండా ఇంట్లో కూర్చుని చూసినవాళ్ళ వల్ల అయింది.

ఇంత గొడవెందుకు, ఇంటి నుంచి పులిహోర కట్టుకుపోతే పోదా అనేది అన్నిటికన్నా పాత సలహా, మంచి సలహా. చింతపండు పులుసు పట్టిన అన్నం మర్నాటికి ఇంకా బాగుంటుంది. హాస్టల్ వాడికి కట్టిపెట్టే అమ్మ కరీంనగర్లోనో కర్నూలులోనో ఉందన్న చిన్న చిక్కు తప్ప ఇందులో లోపం లేదు. నారాయణగూడ కర్రీ పాయింట్లో పొట్లాలు కట్టించుకుంటే ఆ మధ్యాహ్నం గడుస్తుంది, రాత్రికి మాత్రం పాంట్రీయే గతి. ఈ మధ్య ఫోన్లో ఆర్డరిస్తే వచ్చే స్టేషన్లో హోటల్ భోజనం సీటుకి తెచ్చిస్తున్నారు. 2024లో స్విగ్గీ ఈ పని మొదలుపెట్టిన నాలుగు స్టేషన్లలో విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. అలా తెప్పించుకుని తిన్నవాడు ఫోన్లో రేటింగ్ చుక్కలు వేస్తాడు, ఆ చుక్కలు తర్వాతివాడికి కనబడతాయి. ముప్పై ఏడో బెర్త్‌కి ఎట్టకేలకు కాస్త జ్ఞాపకం వచ్చినట్టే. బండి రెండు గంటలు లేటైతే పొట్లం ప్లాట్‌ఫాం మీదా మనం పొలాల మధ్యా ఉంటామన్నది వేరే సంగతి.

ఇక ఇంటర్వ్యూ. అది రెండు మాటలే: "బిల్లు ఇవ్వన్నా." మిషన్ ఖరాబైందని, పేపర్ రోల్ అయిపోయిందని, టీసీని అడగమని రకరకాల జవాబులు రావచ్చు. నవ్వి ఊరుకుంటే మీరు సెలెక్టయినట్టే, జీవితాంతం పాంట్రీ భోజనానికి అర్హులు. ఊరుకోని మొండివాళ్ళ కోసం ఒక్క మాట. బిల్లు ఇవ్వకపోతే భోజనం ఉచితమని ప్రకటించింది రైల్వేనే. రైల్‌మదద్ నంబరు 139. ఢిల్లీ బండెక్కే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి పప్పు నీళ్ళగా ఉంటే ఆ పదమూడును పద్నాలుగు చెయ్యండి.