ఒరిజినలే కావాలి బావా!

మా బావమరిదికి ఒక జబ్బు పట్టుకుంది. విశాఖలో పెద్ద డాక్టర్లకి చూపిద్దామన్నా లాభం లేదు, వాళ్లలో సగంమందికి అదే జబ్బు. పేరు వింటేజి. పొద్దున్న లేస్తూనే గుడ్డపేలికా పాలిష్ డబ్బా పట్టుకుని కారు షెడ్డులోకి పోతాడు. పెళ్లాం పుట్టినరోజు గుర్తుండదు గాని చాసిస్ నంబరు నిద్దట్లో కూడా అప్పజెప్తాడు. 'ఒరిజినల్' అన్న మాట చెవిన పడితే చాలు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

కారు మా మామగారిది. 1966 నాటి అంబాసిడరు, మార్క్ టూ. టెక్కలిలో పెరటి పాకలో ఇరవై ఏళ్లు పడుంది. వెనక సీట్లో ఒక కుక్క రెండుసార్లు ఈనింది. 'ఆ డొక్కు పాత సామాన్లవాడికి తోలెయ్యి నాన్నా' అని మా మామగారి ప్రాణం తోడేసినవాడు ఈ బావమరిదే. ఆయన పోయిన ఏడాదికి ఎవరో పాతకార్ల క్లబ్బు పెద్దమనిషి పాకలోకి తొంగిచూసి 'మీ ఇంట్లో హెరిటేజ్ ఉంది సార్' అన్నాడట. ఇంట్లో తండ్రి ఉన్నన్నాళ్లూ ఆనని హెరిటేజి, ఆయన పోయాక కారు రూపంలో కళ్లబడింది.

బండిని విశాఖ తరలించి నునుపు చేయించాడు. మామగారు ఎప్పుడో పెట్రోలు ఖర్చుకి దడిసి ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టించారు. తలుపులు రెండు వేరే బండివి. సైలెన్సరు చాలాకాలం ఉద్దానం కొబ్బరిపీచు తాడు మీదే వేలాడింది. ఇవేవీ మావాడికి పట్టలేదు. పట్టిందల్లా ముందు జాలీ. మార్క్ టూకి గుర్తే అది, ముక్కు కింద దగ్గర దగ్గర గళ్లతో ఉండే క్రోమ్ జాలీ. మా బండికి అది లేదు. జాతీయ రహదారి మీద ఒక అచ్చోసిన ఆంబోతు ఎదురొచ్చి కుమ్మితే, జాలీ ఊడబీకించి మామగారు వేరే మోడలుది బిగించేశారు. ఆంబోతుకి ఏమీ కాలేదు.

'ఇంజనే మారిపోయాక జాలీ ఏదైతేనేంరా?' అన్నాను.

'బానెట్ ఎత్తి ఎవడు చూస్తాడు బావా, ఫొటోలో పడేది మొహమే కదా' అన్నాడు. ఈ ఒక్క ముక్కలో ఆ క్లబ్బు రాజ్యాంగమంతా ఉంది.

పోనీ, ఆ ఒరిజినల్ దేనికి ఒరిజినల్? హిందుస్తాన్ మోటార్స్‌ని బిర్లాలు 1942లో గుజరాత్ ఓఖా రేవులో పెట్టారు. తరవాత బెంగాల్లో ఉత్తరపారకి మార్చారు. అక్కడ తయారైన అంబాసిడరు ఇంగ్లండు వాళ్ల మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీకి కవలపిల్ల. కన్నతల్లి మూడేళ్లకే మానేసిన మోడలుని పెంపుడుతల్లి 1957 నుంచి 2014 మే దాకా, కాస్త ముక్కూ మొహం మార్చుకుంటూ, సాకింది. కలెక్టరు ఎక్కినా కల్లు కాంట్రాక్టరు ఎక్కినా అదే కారు, అదే ఊగుడు. ఫ్యాక్టరీ మూతబడ్డ మూడేళ్లకి, 2017లో, 'అంబాసిడర్' అన్న పేరుని ఫ్రాన్సు కంపెనీ ప్యూజో 80 కోట్లకి కొనుక్కుంది. బండిని కేజీల లెక్కన తూకం వేసుకున్నారు, పేరుని కోట్లలో కొనుక్కున్నారు. ఆ పేరు పెట్టుకుని ఇంతవరకూ ఒక్క కారూ రోడ్డెక్కలేదు. అలాంటి నకలుకి అసలు ముక్క కావాలని మావాడు భీష్మించుకున్నాడు.

క్లబ్బుల లెక్క ప్రకారం ఇది వింటేజీ కూడా కాదు. 1919కీ 1930కీ మధ్య పుట్టినవే వింటేజి, ఇలాంటివి క్లాసిక్కులట. ఢిల్లీది ఇంకో లెక్క. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్సూ బాడీ ఇంజనూ పెద్దగా మార్చని బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా అయితే 20,000 రూపాయలు, తిరిగి చేయించుకుంటే 5,000. పదేళ్లు చెల్లుతుంది. ఆ బండి మీద రోజూ తిరక్కూడదు, అద్దెకి తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పరిశోధనకి, పెట్రోలు పోయించుకోడానికి, మరమ్మతుకి మాత్రం బయటికి తియ్యొచ్చు. రిటైరైన నాలాంటి మేష్టర్లకి కూడా ఈ నిబంధన ఎవరైనా వర్తింపజేస్తే బాగుణ్ణు. పెట్రోలు అక్కర్లేదు, టీ పోయించుకోడానికి వదిలితే చాలు. ఇంజను షరతు సంగతి మావాడి దగ్గర ఎత్తాను. 'నువ్వు నెగెటివ్‌గా మాట్లాడకు బావా' అన్నాడు.

వేట కాశీబుగ్గ నుంచి మొదలైంది, అంటే మా ఇంటి నుంచి. ఎందుకంటే మా జంట ఊరు పలాస హౌరా-మద్రాసు రైలు లైను మీద ఉంది. ఆ కొసన కలకత్తా మల్లిక్ బజారు, ఈ కొసన మద్రాసు పుదుపేట. దేశంలో చచ్చిన బండ్లన్నీ ముక్కలై మోక్షం పొందే క్షేత్రాలు ఈ రెండూ. నడుమ విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. మావాడు ఈ మూడు క్షేత్రాలూ సేవించాడు. పుదుపేటలో మార్క్ ఫోర్ జాలీ చేతిలో పెట్టి ఇదే మార్క్ టూ అని అమ్మినంత పని చేశారు. ఆటోనగర్‌లో ఒక ముసలాయన ఫొటో చూసి 'ఇది కావాలంటే బండే కొనాలి, బండి కావాలంటే ఇది వెతకాలి' అని వేదాంతం చెప్పి టీ ఇప్పించాడు. ఆ టీ ఒక్కటే ఈ యాత్రలో ఒరిజినల్.

కలకత్తా దుకాణదారు మాత్రం ఫోనులో ఫొటో పంపాడు. జాలీని ఎర్రగుడ్డ మీద పడుకోబెట్టి, అమ్మవారి ముఖంలా తీశాడు. 18,000 రూపాయలు. పలాస స్టేషన్లో పార్సిల్ విడిపించి నేనే ఇంటికి తెచ్చాను. గోనెపట్టా విప్పాం. తుప్పు చూడగానే మావాడి కళ్లు చెమ్మగిల్లాయి. 'చూశావా బావా, యాభై ఏళ్ల తుప్పు!' అని వేలితో రాశాడు. తుప్పు వేలికి అంటుకుని వచ్చేసింది. కింద కొత్త రేకు తళతళలాడుతోంది. యాసిడు వాసన గుప్పుమంది. డూప్లికేట్ జాలీకి ఒరిజినల్ తుప్పు పూసి పంపారు మహానుభావులు. తుప్పే కావాలంటే కలకత్తా దాకా ఎందుకు? నౌపడ ఉప్పుమడుల పక్కన ఒక వేసవి ఆరబెడితే మా గాలి ఉచితంగా పట్టిస్తుంది. భావనపాడు తీరంలో సైకిలు కొన్నవాడికి రెండో ఏడు నుంచి హెరిటేజి సైకిలే.

నౌపడ అంటే గుర్తొచ్చింది. అక్కడి నుంచి పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన చిన్నబండి లైను ఉండేది. నూరేళ్లు దాటి నడిచి, 2011కి పెద్ద లైను అయింది. 'మా ఒరిజినల్ గేజు మాకు కావాలి' అని మావాళ్లెవరూ ఏడవలేదు. లైను కొసనున్న గుణుపురం బేగి చేరితే చాలనుకున్నారు.

ఇక మా పలాస జీడిపప్పు. బైటివాళ్లు రైలు దిగి 'ఒరిజినల్ పలాస పప్పేనా?' అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఒరిజినలే బాబూ. మా తోటల పిక్క ఫ్యాక్టరీలకి ఎటూ చాలదు కనక ఆఫ్రికా నుంచి ఓడల్లో పిక్కలొస్తాయి. ఇక్కడ కాల్చి, కొట్టి, పొట్టు తీసి, గుండు వేరూ బద్ద వేరూ ఏరేది మా ఆడవాళ్లు. జీడిపాలకి వేళ్లు నల్లబడేది వాళ్లకి. పిక్క ఎక్కడిదైనా, ఆ నలుపు మాత్రం అచ్చమైన పలాసదే. దానికి సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

కలకత్తా దెబ్బ తిన్నాక మావాడు కాశీబుగ్గలో పాత అంబాసిడర్ల మెకానిక్కుని ఆశ్రయించాడు. మామగారి బండిని నలభై ఏళ్లు బతికించిన చెయ్యి అది. షెడ్డు సోమ, బుధ, శుక్రవారాలు మూసి ఉంటుంది. ఆ రోజుల్లో ఆయన డయాలసిస్‌కి వెళ్తాడు. 'పని చాలా స్లోగా ఉంది బావా' అని మావాడి ఫిర్యాదు. మా ప్రాంతం పేరు ఉద్దానం, అంటే ఉద్యానమే. కొబ్బరి, జీడి, పనస, ఎటు చూసినా పచ్చదనం. ఆ పచ్చదనం కిందే మనుషులకి మూత్రపిండాలు చెడిపోతున్నాయి. ఎక్కడెక్కడి పరిశోధకులో వచ్చి నీళ్లు, మట్టి, రక్తం సీసాల్లో పట్టుకెళ్లారు. కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి గొట్టాల్లో మంచినీళ్లు తెచ్చారు. వంశధార నీళ్లొచ్చాయి గాని జవాబు రాలేదు.

జాలీ ఫొటో చూసి మెకానిక్కు నవ్వాడు.

'ఒరిజినల్ అంటే నానెక్కడ తెత్తాను బాబూ? దేవుడిచ్చిన ఒరిజినల్ పార్టులు నాకే రెండూ పోనాయి. మిషను మీద లాగించేత్తన్నాను. బండి నడుత్తందా నేదా, అది సూసుకోండి.'

మావాడు విన్నాడో లేదో. 'క్రోమ్ ఎంత మందం ఉండాలంటారు?' అని అడిగాడు.

వెళ్లొస్తామని లేచాక మెకానిక్కు వెనక నుంచి ఒక మాట వేశాడు. ఆంబోతు గుద్దిన నాటి జాలీని డ్రైవరు ఒట్టుకెళ్లిపోనాడని. డ్రైవరు ఎప్పుడో పోయాడు. ఊరు వజ్రపుకొత్తూరు దగ్గర. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికినట్టు, మావాడు కలకత్తా నుంచి మద్రాసు దాకా గాలించిన వస్తువు పాతిక కిలోమీటర్ల లోపే ఉందన్నమాట.

మర్నాడే వెళ్లాం. ఇసక దారి, అటూ ఇటూ జీడిమామిళ్లు, నడుమ నడుమ మొండిగా నిలబడ్డ కొబ్బరిమానులు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. పాతికేళ్లు పెంచిన చెట్టుని పీకడానికి దానికి పట్టింది ఒక్క రాత్రి. తరవాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నాయి.

డ్రైవరు ఇల్లాలు పెరట్లో కోళ్లకి నూకలు జల్లుతోంది. మట్టిగోడల కోళ్లగూడు. దానికి తలుపుగా కట్టి ఉంది మా జాలీ. పైన రెండు చోట్ల కొబ్బరితాడు కీళ్లు, కింద గొళ్లేనికి బదులు ఒక మేకు. ఎడమపక్క మూడు గళ్లు లోపలికి సొట్టపోయి ఉన్నాయి, ఆంబోతు కొమ్ము సంతకం. క్రోమ్ పొరలు లేచినా గళ్ల అంచుల్లో ఇంకా మెరుస్తోంది. గళ్లలోంచి ఒక పొదుగుపెట్ట మమ్మల్ని గుడ్లురిమి చూసింది. మావాడు ఇసకలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. తండ్రి దినానికి కూడా అలా కూలబడలేదు.

అయిదువేలు తీశాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

'ఒద్దు బాబూ. పెదబాబుగారు ఉప్పు తిన్నోలం, అడిగితే నేదనకూడదు. గాని గాలికి ఇంటి మీద రేకులన్నీ ఎగిరిపోనాయి. సెట్లు పోనాయి. ఈ తలుపొక్కటే ఎక్కడిదక్కడ ఉండిపోనాది. ముంగిసని ఆపేది ఇదే. డబ్బులు గూడుకి తలుపైతాయేటి?'

పదివేలన్నాడు. కొత్త ఇనప తలుపు చేయించి ఇస్తానన్నాడు.

'ఆ కొత్త తలుపేదో మీ కారుకే ఎట్టీసుకోండి' అంది ఆమె. వెటకారమేమీ లేదు ఆ మాటలో, ఉన్నమాట చెప్పింది.

ఆఖరికి మావాడు చేసింది అదే. కాశీబుగ్గలో వెల్డింగు షాపువాడి చేత, మెకానిక్కు ఖాళీగా ఉన్న మంగళవారం, గళ్లు లెక్కపెట్టి కొత్త జాలీ చేయించాడు. విశాఖలో క్రోమ్ వేయించాడు. క్లబ్బు ఊరేగింపులో జడ్జి దొరలు వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని, జాలీ నిమిరి, 'కంప్లీట్‌లీ ఒరిజినల్' అని రిబ్బను కట్టారు. బానెట్ మాత్రం ఎవరూ ఎత్తలేదు. రిబ్బను ఫొటో నేను మెకానిక్కుకి చూపిస్తే, వెల్డింగు అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు.

అసలు జాలీ ఇంకా కోళ్లగూటికే ఉంది. చదివే పాఠకుల్లో మార్క్ టూ సొంతదారులెవరైనా ఉంటే, వజ్రపుకొత్తూరు వైపు వెళ్లదలిస్తే, డబ్బు వద్దు, ఇంటి మీదికి పది రేకులు తీసుకెళ్లండి. అవి ఒరిజినలే కానక్కర్లేదు. పెట్ట పొదుగు దిగేదాకా మాత్రం ఆగండి.