ముప్పై ఎనిమిది తర్వాత నలభై

బహ్రెయిన్ మామీర్‌లో ఆడా మగా తేడా లేకుండా అందేది ఒకటుంది: రిఫైనరీ వైపు నుంచి వచ్చే గాలి. ఎవరి ముక్కుకూ తక్కువ చెయ్యదు, ఎవరికీ బకాయి పెట్టదు. మిగతా వాటికి చట్టం కావాలి. చట్టం ఉంది కూడా.

బహ్రెయిన్ కార్మిక చట్టం 2012 నాటిది, నంబరు 36. జీతం దగ్గర ఆడ, మగ, జాతి, భాష, మతం చూడకూడదని అందులో 39వ అధికరణ చెబుతుంది. అది చాలదని 2021లో రాజశాసనంతో ఇంకాస్త బిగించారు: సమాన విలువ గల పనికి స్త్రీ పురుషుల జీతంలో తేడా కుదరదన్నారు. బాగుంది. చప్పట్లు కొట్టేముందు వెనక్కి తిరగేసి 2వ అధికరణ చదవండి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి ఈ చట్టం వర్తించదట, ఫలానా అధికరణలు తప్ప. ఆ ఫలానా వరస ఇదీ: 6, 19, 20, 21, 37, 38, 40...

మీ కళ్లజోడు బాగానే ఉంది. 38 దాకా బుద్ధిగా నడిచిన కలం ఒక్క గెంతు గెంతి 40 మీద వాలింది. ఇక్కడి పార్లమెంటుకి ఆ అంకె మీద మక్కువ కాబోలు: ఎన్నికైన సభ్యులు 40 మంది, నియమితులు 40 మంది. మధ్యలో 39 ఎవరి కాలికీ తగల్లేదు. డ్రైవర్లనీ వంటవాళ్లనీ కూడా అదే జాబితాలో చేర్చారు కాబట్టి పక్షపాతం అనడానికి లేదు. డ్రైవరునీ, ఖద్దామా అని పిలిచే పనిమనిషినీ ఒకే గుమ్మం బయట నిలబెట్టారు. లోపల ఆయనకెంత, ఆవిడకెంత అని అడిగే హక్కు మాత్రం గుమ్మం లోపలే ఉండిపోయింది.

గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ ఇక్కడ ఇళ్లల్లో పనికి వచ్చిన అక్కలు వదిలి వచ్చిందీ ఒక 39నే. మన రాజ్యాంగంలో సమాన పనికి సమాన వేతనం ఉన్నది 39(డి)లో. దాన్ని పట్టుకుని కోర్టుకెక్కడానికి వీల్లేదని రెండు మెట్ల కిందే 37 కాపలా ఉంది. 1975లో, అంతర్జాతీయ మహిళా సంవత్సరం వచ్చిందని సమాన వేతనానికి ఆర్డినెన్సు తెచ్చారు, మరుసటేడు చట్టం చేశారు. అప్పుడు కేంద్ర కార్మిక మంత్రి మన తెలుగువాడే, కె.వి. రఘునాథరెడ్డి. తర్వాత 2019 వేతనాల కోడ్ ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుంది.

ఇంతకీ మా ఎంపీగారు సమాన వేతనం మీద ఎటు ఓటేశారు అని ఇక్కడి గ్యారేజీలో ఒక కుర్రాడు అడిగాడు. పాపం, కొత్తగా వచ్చాడు. మన సభల్లో చాలా బిల్లులు గట్టెక్కేది మూజువాణి ఓటుతో. ఎవరి గొంతు ఎటు లేచిందో రికార్డుకెక్కదు. నిద్రపోయినవారి గురక కూడా అవునులోనే కలిసిపోవచ్చు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితే తప్ప పేర్లు బయటికి రావు, వచ్చినా అది విప్ చెప్పిన ఓటే.

అయితే ఒక్కచోట మనవాళ్లు 39(డి)ని అక్షరాలా పాటించారు. ఎంపీ జీతం 2023 ఏప్రిల్ నుంచి నెలకు 1,24,000 రూపాయలు. మహిళా సభ్యులకీ అంతే, పైసా తగ్గదు.

ఖద్దామాకి ఇక్కడ ఓటు లేదు. అక్కడ ఉన్నా, వెయ్యాలంటే సొంతూరి బూత్‌కి స్వయంగా వెళ్లాలి. సెలవు ఇచ్చేది యజమాని, టిక్కెట్టు కొనిపెట్టేదీ ఆయనే, అదీ ఇష్టమైతే. అందుకే ఆమె తరఫున నేనే ఎనభై మంది సభ్యులకూ చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను: 38కీ 40కీ మధ్య రెండంకెలు, ఒక కామా. సిరా ఖర్చు నాది.