శాతం తేలింది, సంగతి తేలలేదు

పుట్టుకతోనో పసితనంలోనో మొదలై బుద్ధినో, మాటనో, కదలికనో, నలుగురిలో మెలిగే తీరునో జీవితాంతం ప్రభావితం చేసే బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి స్థితులను ఎదుగుదల లోపాలంటారు. ఇవి ఉన్నవారికి తెలంగాణలో ప్రభుత్వం చేసే సేవలన్నింటిలో అత్యంత శ్రద్ధగా సాగేది కొలత. సదరం క్యాంపులో పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఈ క్రతువులో బుద్ధిమాంద్యాన్ని వైన్‌లాండ్ సామాజిక పరిణతి మాపనితో లెక్కించాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అమెరికాలో ఎడ్గార్ డాల్ రూపొందించగా నాగపూర్‌లో మాలిన్ భారతీయులకు అనువుగా మలచిన ఈ మాపని అడిగే సంగతులు ఆశ్చర్యకరంగా సరైనవి: మనిషి తన అన్నం తాను తినగలడా, బట్టలు తొడుక్కోగలడా, ఒంటరిగా ఊళ్లో తిరిగి రాగలడా, చేతికిచ్చిన డబ్బుతో సరుకు కొనగలడా.

ఈ ప్రశ్నలకు వచ్చే ప్రతి ‘లేదు’ నిజానికి అందవలసిన ఒక సేవ పేరు. శాస్త్రీయ పద్ధతి అంత తొందరపాటును సహించదు గనుక జవాబులన్నీ కలిసి ఒక అంకెగా మారతాయి. ఆ అంకె 55 నుంచి 69 మధ్య ఉంటే వైకల్యం 50 శాతమని, 36 నుంచి 54 మధ్య ఉంటే 75 శాతమని, 21 నుంచి 35 మధ్య ఉంటే 90 శాతమని, అంతకన్నా దిగితే నూరు శాతమని తేలుతుంది. శాతం ధ్రువపత్రం మీదికి ఎక్కుతుంది, జవాబులు ఫైలులో ఉండిపోతాయి. ఆ తరువాత రాజకీయం కూడా అంకెలతోనే నడుస్తుంది: వికలాంగుల పింఛన్‌ను 3,016 నుంచి 4,016 రూపాయలకు పెంచుతున్నట్టు 2023 జూన్ 9న మంచిర్యాల సభలో అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించగా, ఆ ఏడాది ఎన్నికల్లో ప్రత్యర్థి పక్షం 6,000 ఇస్తామన్నది. ఒంటరిగా బజారుకు పోలేడని నమోదైన మనిషి ఆ డబ్బు పట్టుకొని బజారుకు ఎట్లా పోవాలన్నది ఏ సభలోనూ చర్చకు రాలేదు.

చట్టాలకు కొరత ఉందని ఎవరూ అపోహపడనక్కరలేదు. సమాజం మధ్య నివసించే హక్కును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అయిదో సెక్షన్‌లోనే గుర్తించింది, అధిక సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యాన్ని కూడా ప్రస్తావించింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద వసతి గృహాలకు ఘరౌందా, సంరక్షకుల శిక్షణకు సహయోగి అనే పథకాలు వెలిశాయి. మండలాల్లోని భవిత కేంద్రాలు పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ అందిస్తాయి. పందొమ్మిదో ఏట ప్రవేశించే యువకుడిని మాత్రం రాష్ట్రం అత్యంత అనుభవజ్ఞురాలైన సేవాసంస్థకు, అనగా తల్లికి, అప్పగిస్తుంది.

భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండగా జగిత్యాల, నిర్మల్ పల్లెల్లో బీడీలు చుడుతూ కొడుక్కు స్నానం చేయించే ఈ సంస్థకు టెండరు లేదు, జీతం లేదు, సెలవు లేదు. పనితీరుపై తనిఖీని ఇరుగుపొరుగు ఉచితంగా నిర్వహిస్తారు. ఆమె తదనంతరం బాధ్యత ఆ కొడుకు వదినకు సంక్రమిస్తుంది. దీనిపై ప్రభుత్వ ఉత్తర్వేదీ లేకున్నా, వదిన అభిప్రాయం ఎవరూ అడగకున్నా, ఈ వారసత్వ క్రమం ఏ శాఖ నియమావళి కన్నా కచ్చితంగా అమలవుతున్నది.

ఇక 2016 అక్టోబరు 11న ఈ పల్లెలున్న ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ప్రధానంగా ఎనిమిదిగా విడిపోవడంతో కలెక్టర్లూ ఎనిమిది మందయ్యారు. నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం గార్డియన్‌ను నియమించే స్థానిక కమిటీకి కలెక్టరే పెద్ద కాబట్టి, మనిషి బదులు సంతకం పెట్టేవారిని నియమించే సామర్థ్యం ఈ ప్రాంతంలో నాలుగింతలు పెరిగింది. కెరమెరి నుంచి ఆసిఫాబాద్ దాకా బస్సులో వెంట వచ్చి, సంతకం తానే పెట్టుకునేలా కూర్చోబెట్టి చెప్పేవారిని నియమించే అధికారం ఏ కమిటీకీ దక్కలేదు. స్వీడన్‌లో 1994 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇంటి బయటికి వెంట వచ్చే తోడును హక్కుగా ఇస్తున్నది. అక్కడి పాలకులకు శాతాల మహిమ ఇంకా బోధపడలేదేమో.

ఇంత జరిగినా స్వతంత్ర జీవనం బొత్తిగా లేదనడం అన్యాయం. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) వాడలో రోజూ ఒకే వేళకు వచ్చే యువకుడి అరచేతిలోంచి చాయ్‌కి సరిపడా నాణేలు మాత్రమే ఏరుకునే హోటల్ యజమాని, దిగవలసిన స్టాపు రాగానే పేరు పెట్టి పిలిచే బస్సు కండక్టరు వంటివారు అక్కడక్కడా ఉన్నారు. ఈ విషయం అధికారుల దాకా పోకుండా చూడటం మంచిది. తెలిస్తే ఆ చాయ్ హోటల్ మూడు నెలలకోసారి లబ్ధిదారుల జాబితా, ఫొటోలతో సహా, సమర్పించవలసి వస్తుంది.