జంట సాకెట్ల బాబాయ్

మా మూర్తి బాబాయ్‌ని కంప్యూటర్ సలహా అడగడమంటే పెళ్ళిళ్ళ పేరయ్యని సంబంధం అడగడమే. బడ్జెట్ ఎంత అనడు. ‘‘ఒంటరా, జంటా?’’ అంటాడు. మనం నోరు తెరిచేలోపు జంటేనని తనే ఖాయం చేసేస్తాడు.

ఈ జాతి మనుషులు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద తగులుతుంటారు. జేబులో థర్మల్ పేస్టు, ముఖంలో పెళ్ళిచూపుల కళ. ఒకే మదర్‌బోర్డు మీద రెండు ప్రాసెసర్లని కూర్చోబెట్టందే జన్మ తరించదని వాళ్ళ నమ్మకం. ఆ రెండూ కలిసి ఏం చేస్తాయని మాత్రం అడక్కూడదు. నొచ్చుకుంటారు.

బాబాయ్‌కి ఇది 1999లో అంటుకుంది. ఆ ఏడు అబిట్ వాళ్ళ బీపీ6 బోర్డు వచ్చింది. ఒంటరి కాపురానికని ఇంటెల్ చౌకగా అమ్మిన సెలెరాన్లని అందులో జంటగా పెట్టొచ్చు. 366 మెగాహెర్ట్జ్ వాటిని తెచ్చి, బస్ వేగం 66 నుంచి 100కి పెంచి, 550లో ఉరికించడం అప్పటి మొనగాళ్ళ పని. బాబాయ్ ఉరికించాడు. తీరా అందులో విండోస్ 98 ఎక్కించాడు. దానికి రెండో ప్రాసెసర్ కనబడదు. ఆర్నెల్లు అది ఇల్లరికపుటల్లుడిలా కూర్చుంది.

అసలు పండగ ఇంటెల్ వాళ్ళ సర్వర్ ప్రాసెసర్లు, జియాన్లతో వచ్చింది. 2012లో పదిహేను వందల డాలర్లు దాటిన ఈ5-2670ని డేటా సెంటర్లు నాలుగేళ్ళకే వదిలించుకుంటుంటే, పాతవి వంద డాలర్ల లోపుకి దిగాయి. ఒక్కోదానికి ఎనిమిది కోర్లు. బాబాయ్ జాతకాలు విప్పాడు.

‘‘ఒరేయ్, గీత తర్వాత మొదటి అంకె చూడు. రెండుంటే ఇంకోదానితో కాపురం చేస్తుంది. ఒకటుంటే బ్రహ్మచారి. ఇక స్టెప్పింగ్, అంటే చిప్పు ఎన్నో కూర్పో. మనకి సగోత్రం పనికిరాదు, వీటికి సగోత్రమైతేనే మంచిది.’’

భూతద్దం పెట్టి రెండు మూతల మీది అక్షరాలూ కూడబలుక్కున్నాడు. ఎస్‌ఆర్0కేఎక్స్. ‘‘రెండూ సీ2 గోత్రమే!’’ అని కళ్ళకద్దుకున్నాడు.

‘‘మరి ర్యామ్?’’

‘‘వీళ్ళు తోటికోడళ్ళురా. ఎవరి వంటిల్లు వాళ్ళది. పెద్దావిడకి చిన్నావిడ డబ్బాలో ఉప్పు కావాలంటే వసారా దాటి రావాలి. ఆ వసారా పేరే క్యూపీఐ. అందుకే రెండు వంటిళ్ళూ సమానంగా నింపాలి.’’

అలా నాలుగేసి చొప్పున ఎనిమిది స్టిక్కులు, అవీ సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ రకం. ఎనిమిది పిన్నుల తీగ ప్రాసెసర్‌కొకటి కావాలి. ఇంట్లో ఎస్ఎంపీఎస్‌కి ఒక్కటే ఉంది, కనుక కొత్త ఎస్ఎంపీఎస్. బోర్డేమో పన్నెండు అంగుళాలకి పదమూడు. కేబినెట్లో పట్టేది పన్నెండుకి తొమ్మిదిన్నర. బాబాయ్ అటకెక్కి పాత పీట ఒకటి దించి, బోర్డుని దాని మీద బిగించాడు. అది వాళ్ళ పెళ్ళిపీట.

కేబినెట్ లేదు గనక స్విచ్చూ లేదు. రెండు పిన్నులకి స్క్రూడ్రైవర్ మొన ఆనించాడు. ఫ్యాన్లు హోరెత్తాయి. టాస్క్ మేనేజర్‌లో, కోరుకి రెండేసి లెక్కన, ముప్పై రెండు గడులు పరుచుకున్నాయి. పిన్ని వచ్చి కరెంటు బిల్లు కట్టమంది. బాబాయ్ అందులోంచి కడుతుంటే ఒక్క గడిలో గీత లేచింది. మిగతా ముప్పై ఒకటీ వడ్డన కోసం చూస్తున్న బంతిలా కదలకుండా కూర్చున్నాయి.

‘‘కూరలు తరగడానికి ఎంతమందున్నా, పప్పు ఉడికేసేపు ఉడకాల్సిందేగా’’ అంది పిన్ని.

సరిగ్గా ఇదే 1967లో ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ నిపుణుడు చెప్పాడు. పనిలో సగం ఒకరే చేయాల్సిందైతే, మిగతా సగానికి వెయ్యిమందిని దింపినా మొత్తమ్మీద వేగం రెండింతలు దాటదు. ఆయన పేరు మీద సూత్రం నిలిచింది. పిన్ని పప్పు దించడానికి వెళ్ళిపోయింది.

నెల్లాళ్ళు మెషీన్ ఒక్కసారీ ఆగలేదు. అదే ముప్పయింది. బాబాయ్ వాడిపోయాడు. తీసి పెట్టడానికేం లేదు, వెతకడానికేం లేదు. కూతుర్ని అత్తారింటికి పంపిన తండ్రిలా వరండాలో తిరిగాడు.

ఇంతలో వినాయక చవితి వచ్చింది. ‘‘దేవుడికి పీట కావాలి’’ అంది పిన్ని.

గొడవ ఖాయమనుకుని నేను చెప్పుల కోసం చూశాను. బాబాయ్ మాత్రం కూనిరాగం తీస్తూ మరలు విప్పడం మొదలెట్టాడు.

‘‘ఎలాగూ విప్పాం కదరా. ఈసారి ఏఎండీ ఎపిక్ చూద్దాం. నంబరు చివర ‘పీ’ ఉంటే మాత్రం ముట్టుకోకు.’’

‘‘ఏం బాబాయ్?’’

‘‘అది బ్రహ్మచారి.’’