మురుగు కాలువ లేని సముద్రం

రొయ్యల చెరువు మీద నాలుగు రాళ్లు వెనకేసుకున్న వాళ్లకి మా వైపు ఈ మధ్య కొత్త ముచ్చటొకటి పట్టుకుంది: హాల్లో సముద్రం. అద్దాల తొట్టె, నీలం లైటు, అందులో నారింజ ఒంటి మీద తెల్ల చారలేసుకున్న క్లౌన్ చేప. మొవ్వలో కారెక్కితే మంగినపూడి తీరం ఓ గంట ప్రయాణం. అయినా సరే, సముద్రం మన ఇంటికి రావాలి గాని మనం వెళ్లడమేమిటి! 1930లో పట్టాభి సీతారామయ్య గారు బందరు తీరాన ఉప్పు చట్టాన్ని ధిక్కరించి జైలుకెళ్లారు. ఆ తీరం వాళ్లమే ఇవాళ విదేశీ ఉప్పు ప్యాకెట్లు కొని, డ్రమ్ముల్లో కలిపి, ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) వచ్చిందా లేదా అని చూసుకుంటున్నాం. పోనివ్వండి, ఎవరి సరదా వారిది. నా తగవు ఉప్పుతో కాదు, తొట్టె కింద అరలో తలుపేసుకుని కూర్చున్న డబ్బాతో.

దాన్ని క్యానిస్టర్ ఫిల్టరంటారు. తొట్టెలో నీళ్లు ఒక గొట్టంలోంచి దిగి, డబ్బాలో స్పాంజీలూ పింగాణీ రింగులూ బొగ్గూ దాటుకుని, మోటారు తోస్తే ఇంకో గొట్టంలోంచి పైకి వస్తాయి. ఇంతే కథ. అట్టపెట్టె మీద మాత్రం నాలుగంచెల శుద్ధి, గంటకు 1000 లీటర్లు, గాజులాంటి నీళ్లు! క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి ఎన్ని పదాల్లో కొలిచాడో గాని, పొగడ్తలో ఈ అట్టపెట్టె రచయిత ఆయన్ని దాటేశాడు. ఇక కొట్లో జరిగే సంభాషణ ఎక్కడైనా ఒక్కటే.

"మెయింటెనెన్స్ ఎంతుంటుందండీ?"

"అసలుండదండీ. పెట్టేసి మర్చిపోవడమే."

ఈ జవాబులో రెండో వాక్యం అక్షరాలా నిజం. మర్చిపోతారు.

కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన 1855 నుంచీ డెల్టా రైతుకి ఒక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చేనుకి పంట కాలువ ఒక్కటే ఉంటే చాలదు, మురుగు కాలువా ఉండాలి. పారించిన నీరు పోయే దారి లేకపోతే చేను కుళ్లుతుంది. ఈ డబ్బాకి ఉన్నవి రెండూ పంట కాలువలే. చేప రెట్ట, తినగా మిగిలిన మేత స్పాంజిలో చిక్కుకుంటాయి. కంటికి కనబడవు కాబట్టి పోయాయనుకుంటాం. పోలేదు. అవే నీళ్లు రాత్రింబవళ్లు వాటి మీదుగానే పారుతున్నాయి. అక్కడ కుళ్లి పుట్టిన అమ్మోనియాని ఒక రకం బాక్టీరియా నైట్రైటు చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేటు చేస్తుంది. అక్కడితో వాటి డ్యూటీ అయిపోయింది. ఆ నైట్రేటుని బయటికి తీసుకెళ్లే ఉద్యోగి డబ్బాలో ఎవరూ లేరు. నీళ్లు తేటగా ఉంటాయి, నిజమే. తేటనీళ్లన్నీ మంచినీళ్లయితే ఊరికో ఆక్వా ల్యాబు ఎందుకు వెలిసిందో మరి.

ఇదంతా తెలియని వాళ్లెవరో కొంటే జాలిపడి ఊరుకుందును. కొనేది ఎవరు? చెరువు గట్టున నిలబడి అమ్మోనియా, నైట్రైటు, పీహెచ్, ఆల్కలినిటీ అని అష్టోత్తరం చదవగల మనిషి. చెరువు నీళ్లలో ఆక్సిజన్ (డీవో) పడిపోయిందని ఫోనొస్తే తెల్లవారుజామున మూడింటికి లేచి ఏరియేటర్లు చూసుకునే మనిషి. చెక్‌ట్రేలో మేత మిగిలితే కాపలా కుర్రాణ్ణి నిలదీసే మనిషి. ఆయనే హాల్లోకి రాగానే గుప్పెడు మేత విసిరి, పరీక్ష సీసా ఒక్కటీ కొనకుండా, "ఫిల్టరుందిగా" అంటాడు. చెరువు దగ్గర శాస్త్రజ్ఞుడు, తొట్టె దగ్గర భక్తుడు.

ఆ 1000 లీటర్ల లెక్క కూడా కాస్త విప్పి చూద్దాం. అలాంటి అంకె మామూలుగా ఖాళీ డబ్బాతో, నీళ్లు ఎత్తు ఎక్కే పని లేనప్పుడు కొలిచింది. స్పాంజీలు కుక్కి, నాలుగడుగుల పైకి తోయమంటే మోటారు నీరసిస్తుంది. మురికి పట్టే కొద్దీ ఇంకా నీరసిస్తుంది. పైగా ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటు చేయడానికి బాక్టీరియాకి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మన ఎండల్లో 30 డిగ్రీలకు కాగిన సముద్రపు నీళ్లలో లీటరుకి పట్టేదే 6 మిల్లీగ్రాముల చిల్లర. మూత బిగించిన డబ్బాలో ఆ కాస్తా అయిపోవడానికి కరెంటు కొన్ని గంటలు పోతే చాలు. ఊపిరాడక బాక్టీరియా చావడం మొదలవుతుంది, లోపలి నీరు కుళ్లుతుంది. కరెంటు వచ్చీ రాగానే డబ్బా ఆ కుళ్లంతా భక్తిగా తొట్టెలోకి సమర్పిస్తుంది. చెరువుకి జనరేటరుంది. క్లౌన్ చేపకి దేవుడే దిక్కు.

"బడ్జెట్లో మంచి క్యానిస్టర్ చెప్పండి" అని అడిగేవాళ్లని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. బడ్జెట్ అనే మాటకి వాళ్ల అర్థం, తొట్టె చిన్నది, డబ్బా పెద్దది. డబ్బు తక్కువున్నవాడు చేయాల్సింది సరిగ్గా తలకిందులు. నీళ్లు ఎంత ఎక్కువుంటే తప్పు అంత ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి తొట్టె పెద్దది కొనాలి. బాక్టీరియాకి కాపురం పెట్టడానికి బోలురాళ్లు చాలు. అవీ సముద్రంలో పగడపు దిబ్బల నుంచి పెకలించినవి కాదు, పొడిరాళ్లే. పగడాలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటి జోలికి పోతే ఫిల్టరు కాదు, వకీలు కావాలి. ఆ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు తొట్టెలో చేప వేయకుండా ఆగాలి. ఓపికకి ఖర్చు లేదు కాబట్టి కాబోలు, దాన్ని ఏ కొట్లోనూ అమ్మరు. ఇంకా డబ్బుంటే ప్రొటీన్ స్కిమ్మర్ కొనండి. అది మురికి కుళ్లకముందే నురగతో పైకి లాగి కప్పులో పోస్తుంది. ఆ కప్పు పారబోస్తే మురికి నిజంగానే ఇల్లు దాటుతుంది. చేప కూడా హేచరీలో పుట్టినదే తీసుకోండి. తమిళనాడు మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్లు క్లౌన్ చేపకి పిల్లలు చేయించడం ఎప్పుడో సాధించారు. అన్నిటికన్నా చవకైన మురుగు కాలువ ఒక బకెట్టూ ఒక గొట్టమూ. వారానికి పదో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయడం.

డబ్బా అసలే వద్దని కాదు నా వాదన. వారానికో, పదిహేను రోజులకో విప్పి స్పాంజి కడిగేవాడి చేతిలో అది మంచి పనిముట్టే. కానీ విప్పాలంటే అర తలుపు తీయాలి, బిగింపులు ఊడదీయాలి, పాలరాతి నేల మీద ఉప్పునీళ్లు ఒలకాలి. కనబడకుండా, చప్పుడు చేయకుండా ఉంటుందని కొన్నారే, ఆ గొప్పే దాని జబ్బు. కనబడని మురికిని కడిగినవాణ్ణి నేనింకా చూడలేదు.

ఆ మాటకొస్తే మనకిది హాల్లో అబ్బిన విద్య కాదు. 1994లో రొయ్యలకి తెగులొచ్చి టైగర్ సాగు కుప్పకూలినప్పుడు, ఒకరు డ్రెయిన్లోకి వదిలిన నీళ్లే ఇంకొకరి మోటారు తోడుకుందని తెలిసింది. 1996 డిసెంబరులో తీరంలోని రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమొచ్చింది. 5 హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువులకి వాడిన నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటుండాలన్న నిబంధనా వచ్చింది. నిబంధన రాగానే కొన్ని చెరువులు కాగితాల మీద చిక్కిపోయాయి. కొంత అబ్బాయి పేరున, కొంత బావమరిది పేరున. గట్టు కింద డ్రెయిను పారుతోంది, దాని చివర ఎవరిదో ఊరుంది, ఆ పైన సముద్రం ఉంది. మన కంటికి అవతల పడిన మురికి లేనట్టే.

తొట్టె దగ్గర ఈ తెలివి చెల్లదు. దానికి కింది ఊరు లేదు. వదిలిందంతా మర్నాడు పొద్దున్నే ఆ చేప మొహానికే తగులుతుంది. కాబట్టి ఏ కంపెనీ డబ్బా కొనమంటారని అడిగేవాళ్లకి నాదొకటే ఎదురు ప్రశ్న: ఆదివారం బకెట్ మోసేదెవరు? ముందు ఆ పేరు చెప్పండి, డబ్బా పేరు తర్వాత చెబుతాను.