టూలప్ప

మా వైపు ప్రతి పేటలోనూ యంత్రమున్న మనిషి ఒకడుంటాడు. వెనకటికి ఆయన దగ్గర ట్రాన్సిస్టరు ఉండేది. తర్వాత డిష్షు తిప్పి సిగ్నలు పట్టే మీటరు వచ్చింది. ఆ తర్వాత బీపీ చూసే మిషను, చక్కెర చూసే మిషను వచ్చాయి. యంత్రాన్ని మాత్రం ఆయన ఎవరికీ అరువివ్వడు, దాంతోపాటు తనే బయల్దేరి వస్తాడు. ఇప్పుడాయన చేతిలో పొట్టి యాంటెన్నా, బుల్లి తెర, నాలుగు మీటలున్న నల్లటి టూలు ఒకటుంది. కారు చక్రాల లోపల కూర్చుని గాలి కొలిచే సెన్సార్లను నిద్రలేపి, పేర్లడిగి, ఆ పేర్లు బండికి చెప్పే టూలు అది. మనిషి అసలు పేరు ఏదైనా కానీండి, సీమ పద్ధతిలో టూలప్ప అందాం. హిందూపురంలో ఉన్నాడు, పెనుకొండలో ఉన్నాడు, ధర్మవరంలోనూ ఉన్నాడు.

పెళ్ళికి వచ్చినవాళ్ళంతా ఉగ్గాని, బజ్జీల వైపు నడుస్తుంటే టూలప్ప బండ్లు ఆపిన చోటికి నడుస్తాడు. వంగి వంగి టైర్లు చూస్తాడు. "ఏం సామీ, మీ బండిలో లైటు వస్తాందా?" అనేది ఆయన పలకరింపు. రావడం లేదంటే మొహం వాడిపోతుంది. "వస్తాదిలే. సెన్సారు బ్యాటరీ ఐదేండ్లు, మహా అంటే పదేండ్లు. దాన్ని మార్చేకి కూడా కాదు, లోపలే పోసి మూసేసింటారు" అని తనకు తానే ధైర్యం చెప్పుకుంటాడు.

హిందూపురం టూలప్ప ఒకప్పుడు మామూలు మనిషే. చింతపండు, బెల్లం బేరాల్లో పైసా పైసా లెక్క చూసే వర్తకుడు. బెంగళూరు జేసీ రోడ్డులో కొత్త అల్లాయ్ చక్రాలు, వాటిలోకి కొత్త సెన్సార్లు వేయించుకుని వస్తుంటే గౌరిబిదనూరు దగ్గర మీటర్ల పక్కన పసుపుపచ్చ దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది. నిమిషం పైచిలుకు మిణుకుమిణుకుమని, తర్వాత నిలకడగా వెలిగింది. గాలి తగ్గితే దీపం అలా మిణకదు, నేరుగా వెలుగుతుంది. ముందు మిణికి తర్వాత నిలిస్తే సెన్సార్ల మాట బండికి వినబడటం లేదని అర్థం. పాత సెన్సార్లేమో పాత చక్రాల్లో అంగట్లోనే ఉండిపోయాయి. బండి ఇంకా వాటినే వెతుక్కుంటోంది.

కొత్తవాటిని బండికి పరిచయం చేయడానికి ఒకచోట అడిగిన డబ్బు వినేసరికి ఆయనలోని వర్తకుడు లేచి కూర్చున్నాడు. ఆ డబ్బు ఇచ్చే బదులు దానికి ఐదింతలు పెట్టి టూలే కొనేశాడు. డబ్బు మిగిల్చడానికి డబ్బు పెట్టాడు. పెట్టింది గిట్టాలంటే టూలుకు పని ఉండాలి, పని ఉండాలంటే ఊళ్ళో దీపాలు వెలగాలి. అప్పటి నుంచీ హిందూపురంలో ఎవరి బండిలో దీపం వెలిగినా ఆయనకు కబురు పోతుంది. కూలి అడగడు. అడిగితే పిలవరేమోనని భయం. ఆ పెట్టుబడి ఎలా గిడుతుందో అడిగే ధైర్యం ఇంట్లోవాళ్ళకు కూడా లేదు.

పని చేసేటప్పుడు ఆయన్ను చూడాలి. మొదట బండి కంపెనీ, మోడలు, తయారైన సంవత్సరం అడుగుతాడు. సంవత్సరం చెప్పడంలో ఓనరు తడబడితే కోర్టులో సాక్షిని చూసినట్టు చూస్తాడు. తర్వాత ఎడమ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, గాలి పట్టే వాల్వు పక్కన టైరుకు టూలు ఆనించి మీట నొక్కుతాడు. ఆగి ఉన్న బండిలో సెన్సారు నిద్రపోతుంటుంది. బండి కదిలి కాస్త వేగం అందుకుంటే గానీ గొంతెత్తదు. టూలు 125 కిలోహెర్ట్జ్‌లో ఒక పిలుపు పిలుస్తుంది. లేచిన సెన్సారు తన నంబరు, లోపలి గాలి, వేడి, బ్యాటరీ సంగతి చెప్పేస్తుంది. అంకెలూ అక్షరాలూ కలిసిన ఆ నంబరును ఆయన పైకి చదివి, చీటీల లెక్క రాసుకునే పుస్తకంలోనే రాసుకుంటాడు. టూలులో ఎటూ దాచి ఉంటుంది కదప్పా అంటే "టూలును నమ్మేకి లేదు" అంటాడు. టూలును నమ్మేకి లేదని ఊరంతటిలో అనే హక్కు ఆయనకొక్కడికే ఉంది.

తర్వాత కుడి ముందు, కుడి వెనక, ఎడమ వెనక. చుట్టూ తిరిగేటప్పుడు ప్రదక్షిణం సరైన వాటంలోనే వస్తుందని ఆయనకొక తృప్తి. చివరిది పెద్ద ఘట్టం, ఆ నంబర్లు బండికి చెప్పడం. స్టీరింగు కింద 16 పిన్నుల గూడు ఒకటుంటుంది. దాంట్లో వైరు గుచ్చడానికి తల లోపల, కాళ్ళు రోడ్డు మీద పెట్టి పడుకుంటాడు. పోయేవాళ్ళు ఏమైందని ఆగుతారు. ఏమీ కాలేదని ఆయన లోపలి నుంచే చెబుతాడు, కానీ లేవడు. మెల్లగా జనం పోగవుతారు. నలుగురు చేరేదాకా ఆ వైరు గూట్లోకి దిగదని నా అనుమానం.

ఖాళీ సెన్సారు తెచ్చి, చచ్చిపోయినదాని నంబరునే దాంట్లో రాసే విద్య కూడా ఆయనకు తెలుసు. అలా చేస్తే బండికి చెప్పాల్సిన పనే లేదు, పాతదే పలుకుతోందని నమ్మేస్తుంది. "దత్తతకు వచ్చిన పిల్లోనికి ఇంటిపేరు పెట్టినట్టు సామీ" అని వివరిస్తాడు. విన్నవాళ్ళకు సెన్సారు అర్థమవుతుందో లేదో గానీ, ఎవరింట్లో దత్తత గొడవ ఎక్కడిదాకా వచ్చిందో చర్చ మొదలవుతుంది.

పెనుకొండ టూలప్ప తీరు వేరు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు తెచ్చుకున్నారు, 2019లో కార్లు వచ్చాయి. ఈ రెంటి మధ్య జరిగినవేవీ ఆయన లెక్కలో లేవు. ఎర్రమంచి దగ్గర 44వ నంబరు హైవే పక్కన కియా ఫ్యాక్టరీ కట్టడానికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం జరగడం, 2019 ఆగస్టులో సెల్టాస్ అమ్మకానికి రావడం, డిసెంబరు 5న ప్రారంభోత్సవం, అన్నీ తేదీలతో చెబుతాడు. "2023 జులైకంతా పది లక్షల బండి దించినాం" అంటాడు. ఆ "దించినాం"లో తనూ ఉన్నాడు. ఫ్యాక్టరీతో ఆయన బంధుత్వమేమిటంటే, పైవాటాలో కొన్నాళ్ళు అద్దెకుండిన కుర్రాడు అక్కడ పనిచేసేవాడు. ఆ కుర్రాడు ఖాళీ చేసి వెళ్ళిపోయినా బంధుత్వం మాత్రం ఖాళీ చేయలేదు.

ఆయనకొక పరాభవం ఉంది. సోమందేపల్లి దగ్గర పంచరు అంగట్లో దీపం వెలిగిన కారొకటి ఆగి ఉంది. టూలప్ప దిగాడు. ఎడమ ముందు చక్రానికి టూలు పెట్టాడు, పలకలేదు. మిగతా మూడూ పలకలేదు. టూలు దులిపాడు. బండిని రెండడుగులు ముందుకు తోయించాడు. "నాలుగూ ఒగేసారి చచ్చిపోయినాయి, ఇది మామూలు కేసు కాదు" అన్నాడు. అరగంట చూసి పంచరు పిల్లోడు మెల్లగా అన్నాడు: "అన్నా, ఈ బండి చక్రాల్లో సెన్సార్లే ఉండవు. దీని టైర్లన్నీ నేనే ఇప్పి చూసినాను."

పిల్లోడు చెప్పింది నిజమే. కొన్ని బండ్లు గాలిని కొలవవు. గాలి తగ్గిన చక్రం కాస్త కుదించుకుపోయి మిగతావాటికన్నా జోరుగా తిరుగుతుంది. ఆ తేడాను ఏబీఎస్ బ్రేకుల కోసం పెట్టిన సెన్సార్లతోనే పసిగట్టి దీపం వెలిగిస్తాయి. అలాంటి బండికి గాలి పట్టించి, లోపల రీసెట్ నొక్కితే సరి, టూలుతో పనే లేదు. టూలప్ప లేచి ప్యాంటు దులుపుకుని "నాకు తెలుసు, కన్ఫర్మ్ చేసుకుంటాండా" అన్నాడు.

ధర్మవరం టూలప్ప పట్టుచీరల వ్యాపారి, ముగ్గురిలోకీ నిదానస్తుడు. డిక్కీ నిండా చీరల మూటలు వేసుకుని తిరుగుతాడు కాబట్టి, డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు చదివి, బరువుకు తగ్గట్టు వెనక చక్రాలకు గాలి ఎక్కువ పెట్టిస్తాడు. ఆ స్టిక్కరు ఒకటుందని మనలో ఎంతమందికి తెలుసో! ఈయన కూడా డబ్బు తీసుకోడు. కాకపోతే బండివాళ్ళకు నాలుగు చీరలైనా చూపించకుండా పంపడు. నాలుగు సెన్సార్లు ఉచితంగా చేయించుకుని, రెండు పట్టుచీరల బిల్లుతో ఇంటికి పోయినవాళ్ళున్నారు.

ముగ్గురికీ పంట కాలం చలికాలం. ఉష్ణోగ్రత 5–6 డిగ్రీలు పడిపోతే టైరులో గాలి ఇంచుమించు ఒక పాయింటు తగ్గుతుంది. డిసెంబరు తెల్లవారుజామున హిందూపురం చలికి, అసలే బొటాబొటిగా గాలి ఉన్న బండ్లన్నీ వరసగా దీపాలు వెలిగిస్తాయి. పదిగంటలకు ఎండెక్కి, బండి నాలుగు మైళ్ళు తిరిగితే చాలామటుకు వాటంతటవే ఆరిపోతాయి. అందుకే టూలప్ప ఆ నెలలో ఆరింటికే స్వెట్టరు వేసుకుని వచ్చేస్తాడు. తొమ్మిది దాటితే వైద్యం లేకుండానే రోగం నయమయ్యే ప్రమాదముంది.

పని లేని వేళ పెనుకొండ టూలప్ప ఉపన్యాసం ఉంటుంది. అమెరికాలో టైర్లు విచ్చుకుపోయి బండ్లు పల్టీలు కొట్టి ఎంతోమంది చనిపోతే 2000లో చట్టం చేశారు, 2007 నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది, యూరపులో 2014లో అయింది. మన దగ్గర 2020లో, ట్యూబులేని టైర్లూ ఈ ఏర్పాటూ పంచరు కిట్టూ ఉన్న చిన్న బండ్లకు స్టెప్నీ లేకపోయినా పర్వాలేదన్నారు. ఇవన్నీ నిజాలే. టైర్లకు నైట్రోజన్ పట్టించడం గురించి మాత్రం ఆయన దగ్గర ఎత్తకండి. మామూలు గాలిలోనే నైట్రోజన్ 78 శాతం ఉందని పంచరు పిల్లోడు బళ్ళో చదువుకున్న సంగతి చెప్పినప్పటి నుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

డల్లాస్ నుంచి వచ్చిన బావమరిది ఒకసారి నాలుగు సెన్సార్లు కానుకగా తెచ్చాడు. టైర్లు విప్పించి బిగించారు. టూలుకు నాలుగూ చక్కగా పలికాయి, నంబర్లు బండిలోకి ఎక్కాయి. దీపం మాత్రం ఆరలేదు. అమెరికా సెన్సార్లు 315 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడతాయి, ఇక్కడి బండి 433లో వింటుంది. రెంటినీ వినగలిగిన టూలు మధ్యలో నిలబడి అంతా బాగుందని చూపిస్తోంది. బావమరిది చేసిన పని కాబట్టి టూలప్ప బయట ఏమీ అనలేకపోయాడు. ఆ సెన్సార్లు ఇప్పటికీ పూజగది అలమరలో ఉన్నాయి.

ఇంట్లో కూతురి సైకిలు గోడకానుకుని రెండు చక్రాలూ నేలకంటుకుని ఉంటుంది. "నాయనా, గాలి" అని ఆ పిల్ల అడగడం మానేసింది. సైకిలుకు సెన్సారు లేదు కదా, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

అయినా టూలప్పను చులకన చేయడం నాకు చేతకాదు. గాలి ఎప్పుడు చూపించారని అడిగితే దసరా పండక్కని చెప్పే జనం మనం. మెత్తబడ్డ టైరు వేసవిలో హైవే మీద వంద దాటితే వేడెక్కి పగులుతుంది. అది ముందే పసిగట్టే ఏర్పాటును బతికించి ఉంచేవాడు ఊరికొకడుండటం మంచిదే. ఈ మూడు ఊళ్ళ దారుల్లో మీ బండికి పసుపుపచ్చ దీపం వెలిగితే ముందు పంచరు అంగడికి పోయి, తలుపు దగ్గర స్టిక్కరులో ఉన్నంత గాలి పట్టించండి. మిణికి నిలిచేదైతే టూలప్పకు కబురు పెట్టండి. పెట్టేముందు అన్నం తినేయండి, మధ్యాహ్నం మీది కాదు.